కిడ్నీ ట్రే

రిటైరయిన డబ్బుల్లో కొంత తీసి
ఒక్కదాన్నే మూడు రోజులకు పోయొస్తి.
"యెరూషలేం కాదా సిస్టరమ్మా?" అన్నాడు పాస్టరు.
కాదంటి.
"మాస్కో అన్నా చూడకపోతివా?" అనె పక్కింటి ఖాజాబీ.
విమానం మారేటప్పుడు అద్దంలోంచి చూసినా,
చాల్లే అంటి.

నా నాలుగో తరగతి లెక్కల పుస్తకానికి
మా నాయన వేసిన అట్ట
రష్యా పత్రికలోని నున్నటి కాగితం.
దానిమీద కత్తెత్తిన ఆడమనిషి.
నేను ఎక్కాలు అప్పజెప్పేటప్పుడల్లా
నోరు తెరిచి ఎవర్నో కేకేస్తాండేది.
ఎవర్ని అని అడిగితే
మా నాయన, ఆదోని జిన్నింగు మిల్లులో ఫిట్టరు,
"పిల్లోళ్లనమ్మా, అన్నానికి" అన్నాడు.
నమ్మినా.

ఆ ఊరి పేరు మార్చినారు గానీ ఏరును మార్చలేదు.
వోల్గా మన తుంగభద్ర మాదిరి
ఎండాకాలం ఎముకలు బయటేసుకొని పడుకోదు.
గట్టున మాత్రం కళింగర పండ్లు కుప్ప పోసినారు.
అమ్మే మనిషి వేలితో కొట్టి, చెవి ఆనించి
సద్దు వింటాంది,
పాత బస్టాండు కాడ బండోళ్ల మాదిరే.
అంతవరకూ నాకు ఆ ఊర్లో భయం, ఆ పొద్దుతో పాయె.

రెండు నూర్ల మెట్లు.
ముప్పై నాలుగేండ్లు నైట్ డ్యూటీ చేసిన మోకాళ్లు.
ఆగి ఆగి ఎక్కితి.
పైన ఆమె. అట్ట మీదామె.
మెడ ఎంత వంచినా మొహం అందలేదు.
అన్నానికి పిలిచే మొహం కాదని
కింది నుంచే తెలిసె.

మర్నాడు మ్యూజియం.
గాజు పెట్టెలో ఇనుప ముక్కలు,
తుప్పు పట్టి, మాడిన వడియాల మాదిరి.
బోర్డును ఫోన్లో తెలుగు చేసుకుంటే
ఆ గుట్ట మన్నులో దొరికినవంట.
కాళ్లు ఆడనే నిలబడిపాయె.
కుడి చెయ్యి దానికదే చాపుకుంది
ఫోర్సెప్స్ కోసం.

కర్నూలు పెద్దాసుపత్రి క్యాజువాలిటీ.
రాత్రి రెండింటికి జీపు ఆగిందంటే
మద్దిలేటి స్ట్రెచరు తోసుకొచ్చే లోపల
కిడ్నీ ట్రే పట్టుకొని నిలబడేదాన్ని.
సైకిల్ బాల్సు. మేకులు. సీసా పెంకులు.
ఒకసారి తాళంచెవి సగం, ఏ ఇంటిదో.
ఒక్కొక్కటి ట్రేలో పడి టింగుమనేది.
ఉరుకుందు అని పిల్లోడు, పదహారేండ్లుంటాయి,
"ఎన్నొచ్చినాయక్కా?" అని అడుగుతాండె
గోలీలాటలో గెలుస్తాండినట్టు.
నలభై ఒకటి దాకా చెప్పినా.
నలభై రెండోది ట్రేలో పడింది.
అడగలేదు.

వాని కేసు షీటు
రెండువేల తొమ్మిది వరదలో మునిగె.
రికార్డు గదిలో మోకాటి లోతు బురద.
నేనూ మద్దిలేటీ పారతో ఎత్తి పోస్తిమి,
కొట్టినోళ్ల పేర్లు, పడినోళ్ల పేర్లు
అంతా ఒకటే రంగు.

ఆడ, గుట్ట లోపల గుండ్రటి గదిలో
నిప్పు పట్టుకున్న చెయ్యి చుట్టూ
గోడ పొడుగునా పేర్లు.
ఒక్క అక్షరం రాదు నాకు.
వరసలో ఒకదాన్ని ఎంచుకొని
ఉరుకుందు అని చదువుకుంటి.
అది ఎవని పేరో, వాని తల్లి మన్నించాల.
కాపలా సిపాయి, మీసం కూడా సరిగా రాలేదు,
నా పక్క చూడలేదు. చూడకూడదంట.

"ఏం తెచ్చినావక్కా?" అని ఖాజాబీ వచ్చె.
ఏమీ తేలేదు.
సీతాఫలాలు తానే తెచ్చింది,
అరుగు మీద కూర్చొని
మనవనికి ఒలిచి పెడతాంది.
గింజలు ఊసేదానికి
వాడు వంటింట్లోంచి ట్రే ఎత్తుకొచ్చినాడు.
ఉద్యోగం నుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే,
చింతపండు నానేసేది.

టింగు.
టింగు.

నేను లెక్కపెట్టలేదు.
పెట్టలేదనే అనుకుంటి.
ముప్పై దాటినాక
ట్రే తీసుకొని పోయి కడిగి బోర్లిస్తి.

బోర్లించేటప్పుడు కూడా
సద్దు చేస్తాది అది.